రాయి వస్తున్నంతసేపు

మా సారు నా జడ పట్టుకుని తల వెనక్కి గుంజిన రోజు నాకు బాగా గుర్తు. జావాలో ఒక కొండ అంచు మీద ఉన్నాం. కింద గుంతలో కొండ ఉడుకుతోంది. పొద్దున్నుంచి చిన్నగా దగ్గుతూ ఉన్నది ఉన్నట్టుండి పగిలింది. ఆ చప్పుడు చెవులకు వినపడేది కాదు, కడుపులో, పళ్లలో తగిలేది. ఎర్రటి ముద్దలు గుంపుగా పైకి లేచాయి. వాటిలో కొన్ని బర్రె దూడంత ఉన్నాయి. పైకి పోతున్నంతసేపు అవి అందంగానే ఉంటాయి. తర్వాత ఆగుతాయి, ఆగి మన మీదికి వస్తాయి. అది చూడగానే నా ఒళ్లు నన్ను అడగకుండా తనకు తెలిసిన పని చేసింది. భుజం మీది గొంగడిని తల మీదికి లాక్కుని, మోకాళ్లలో మొహం పెట్టుకుని ముడుచుకుని కూర్చున్నాను.

అప్పుడు పడింది జడ మీద చెయ్యి. మెడ విరిగిందనుకున్నాను.

"తల ఎత్తు. పైకి చూడు" అని సారు చెవిలో అరిచాడు. "ఉరకకు. నీ మీదికి వచ్చేదాన్ని చూడు. చూసి పక్కకు జరుగు."

ఆయన నన్ను పక్కకు ఈడ్చాడు. ఒక ముద్ద నేను కూర్చున్న చోటి పక్కనే పడి పగిలింది. దాని లోపల ఇంకా ఎర్రగానే ఉంది. రవ్వలు గొంగడి అంచు మీద పడ్డాయి. ఉన్ని కాబట్టి అంటుకోలేదు కానీ కమురు వాసన వచ్చింది. సారు నా జడ వదిలి కెమెరా దగ్గరికి పోయాడు. అది తిరుగుతూనే ఉంది. ఆయన కూడా ఏమీ జరగనట్టే ఉన్నాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ప్రాణం కాపాడినందుకు కాదు, జడ గుంజినందుకు. కొండ దిగేదాకా ఆయనతో మాట్లాడలేదు. దిగాక ఆయనే టీ తెచ్చిచ్చి, "మీ బాపు నేర్పిన చదువు ఇక్కడ పనికిరాదమ్మా" అన్నాడు. ఆ మాటకు ఇంకా మండింది. అయినా టీ తాగాను, చలిగా ఉంది మరి.

పేలే కొండల్ని సినిమా తీసేవాళ్లందరికీ ఉన్న నియమం అదే. రాళ్లు పడుతున్నప్పుడు వెన్ను చూపకూడదు, తల దాచుకోకూడదు. ఆకాశంలో ఒక రాయి కుడికో ఎడమకో జరుగుతూ కనిపిస్తే అది నీది కాదు. ఎటూ జరగకుండా ఒకే చోట నిలబడి పెద్దదవుతుంటే అది నీదే. మా సారు మహబూబ్‌నగర్ దిక్కు రైతు బిడ్డ. జొన్న చేలో మంచె మీద నిలబడి పిట్టలను వడిసెలతో కొట్టి కొట్టి, విసిరిన రాయి ఎక్కడ పడుతుందనే పిచ్చి చిన్నప్పుడే పట్టుకుందట ఆయనకు. ఆ పిచ్చే ఆయన్ని పరిశోధన దాకా తెచ్చింది. మేం ఇద్దరం రెండు దిక్కుల నుంచి కొండను కెమెరాతో తీస్తాం. తర్వాత కూర్చుని ఒక్కొక్క రాయి దారిని గీస్తాం. ఎంత వేగంతో లేచింది, ఎంత దూరం పోయింది అని చూస్తాం. కొండ కింద ఊళ్లవాళ్లు ఎంత దూరంలో ఉంటే బతుకుతారో చెప్పడానికే ఈ తిప్పలన్నీ. బొమ్మలు బాగున్నాయని జనం చప్పట్లు కొడతారు. ఆ దూరం సంగతి ఎవరూ అడగరు.

గొంగడి మా బాపుది. మోత్కూర్ దగ్గరి ఊరు మాది, గొర్లే మా బతుకు. చలి కొండలకు పోతున్నానని తెలిసి బాపు తన పాత గొంగడిని మడతపెట్టి నా సంచిలో కుక్కాడు. వద్దంటే వినే మనిషి కాదు.

ఆయన నేర్పిన చదువు ఏదో కూడా చెప్పాలి. రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండకాలం యూనివర్సిటీ సెలవులకు ఇంటికొచ్చి బాపుతో మంద వెంట పోయాను. మధ్యాహ్నం మబ్బు కమ్మి, గాలి లేచి, వడగండ్లు మొదలయ్యాయి. నిమ్మకాయలంత ఉన్నాయి. నేను ఉరకబోతే బాపు చెయ్యి పట్టి కింద కూలేసి, గొంగడిని మడిచి ఇద్దరి మీదా కప్పాడు. మా చుట్టూ గొర్లు ఒకదాని కడుపు కింద ఒకటి తలలు దూర్చాయి. గొంగడి మీద ఎవరో కట్టెలతో బాదుతున్నట్టే ఉంది. తొంగి చూడబోతే బాపు నా మెడ వంచి అణిచిపెట్టాడు.

"పైకి చూడకు బిడ్డా. కండ్లు పోతయ్."

ఆగినాక లేచి చూస్తే బీడంతా తెల్లగా ఉంది. మంద అంచున ఉన్న గొర్లు నోళ్లు తెరుచుకుని పడి ఉన్నాయి. ఒక పొట్టేలు కొమ్ము విరిగి, కన్ను బయటికి వేలాడుతూ, నిలబడే ఉంది. అది అరవను కూడా లేదు. బాపు దాని దగ్గరికి పోయి, మెడ మీద చెయ్యి వేసి ఏదో మాట్లాడి, అక్కడికక్కడే కోసేశాడు. కత్తి తుడుచుకుంటూ ఏడ్చాడు. నాకు కన్ను ఉందంటే ఆయన మెడ వంచినందుకే.

అందుకే జావా నుంచి వచ్చి సారు చెప్పిన నియమం చెప్తే బాపు పడీపడీ నవ్వాడు. "రాళ్లు పడ్తాంటే పైకి చూడుమన్నడా? మీ సారుకు తలకాయ ఉన్నదా, ఆ కొండ మీదనే ఇడిచిపెట్టి వచ్చిండా?"

"అవి వేరే రాళ్లు బాపు. గొంగడి కప్పుకుంటే ఆగయి."

"ఏ రాయైతేంది, తలకాయ ఒక్కటే గద."

అమ్మ పొయ్యి దగ్గర నుంచే తన మాట వేసింది. "పేలేటిది చూడాల్నంటే గంత దూరం ఎందుకే? మన గుట్ట దినాం పేలుతనే ఉన్నది. బస్సు కిరాయి గూడ అక్కరలే."

అమ్మ అన్నది నిజమే. ఊరి వెనక గుట్టకు ఒక పక్క క్వారీ నడుస్తోంది. మందు పేలిన ప్రతిసారీ మా ఇంటి గోడ పగులు ఇంకొంచెం పొడుగయ్యేది. గుట్టకు రెండో పక్క, రాయి బాగాలేదని వదిలేసిన గుంత ఒకటి ఉంది. నవ్వులాటకు ఈ సంగతి సారుకు చెప్పాను. ఆయన నవ్వలేదు. కొండ మన మాట విని పేలదు, గుంతలో అయితే మనకు కావలసినట్టు పేల్చుకోవచ్చు అన్నాడు. నేల కింద మందు పెట్టి, పైన ఇసుక, మొరం, కంకర వరసలుగా పరిచి పేలిస్తే చిన్న అగ్నిపర్వతం తయారవుతుంది. ఏ లోతులో పేలితే రాయి ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. అనుమతులన్నీ తెచ్చుకుని, లైసెన్సు ఉన్న మందు మేస్త్రీని పెట్టుకుని, ఒక చలికాలం మా ఊళ్లో దిగాం.

ఏ రాయి ఏ లోతు నుంచి లేచిందో తెలియాలని రాళ్లకు రంగులు పూయించాం. కింది వరసకు ఎర్ర జాజు, నడుమ వరసకు పసుపు, పై వరసకు సున్నం. ఊరి ఆడవాళ్లు కూలికి వచ్చి కూర్చుని పూశారు. పేల్చిపారేసే రాళ్లకు ఇంత ముస్తాబెందుకని ఒకటే నవ్వులు. నాకూ సంతోషంగానే ఉండేది. మొదటిసారి నా పని మా ఊరికి కనపడుతోంది.

గుంత చుట్టూ ఎర్ర జెండాలు పాతేవాళ్లం. ఎంత దూరంలో పాతాలో సారూ నేనూ లెక్క వేసేవాళ్లం. బీడు దారిలో మనుషులను, పశువులను ఆపే పని బాపు తానే మీదేసుకున్నాడు. ఊళ్లో అందరికీ చెప్పుకునేవాడు, మా బిడ్డ పని నేను సూపర్వైజ్ చేస్తున్న అని. జెండా అవతల గట్టు మీద మందతో సహా నిలబడేవాడు. మందను వదిలి ఎక్కడికీ పోడు కదా. పేల్చే ముందు ఈల వేస్తే ఆయన కట్టె ఎత్తి చూపించేవాడు, దారి ఖాళీగా ఉందని. చిన్న పేలుళ్లన్నీ బాగానే జరిగాయి. రంగు రాళ్లు లేచి, మేం చెప్పిన చోటనే పడేవి. బాపు గొర్లు కూడా చప్పుడుకు అలవాటుపడి తల ఎత్తకుండా మేసేవి.

చివరి రోజు సారు మందు పెంచుదామన్నాడు. నేను చాలన్నాను. ఉన్నదానితోనే ఏడాది పని ఉందని చెప్పాను.

"మనకు కావలసింది ఇంకా రాలేదమ్మా. జర ఎక్కువ వేద్దాం, జెండా జర వెనక్కి జరుపుదాం. ఇంకొక్కటి, గంతే."

జెండాలు వెనక్కి జరిపాం. బాపు కూడా మందను వెనక్కి తోలుకుని పోయి, ఇంకో గట్టు మీద నిలబడ్డాడు. నేను ఇసుక బస్తాల వెనక నా కెమెరా దగ్గర ఉన్నాను. సారు గుంతకు అవతల దిక్కున తన కెమెరాతో ఉన్నాడు. నాది గుంత నుంచి బాపు గట్టు దాకానే చూస్తుంది, సారుది మొత్తం బీడును చూస్తుంది. ఈల వేశాం. దూరంగా బాపు కట్టె లేచింది. మేస్త్రీ పేల్చాడు.

నేల నా అరికాళ్లను తన్నింది. తెలుపు, పసుపు, ఎరుపు, అన్నీ కలిసి లేచాయి. వాటి వెనక, కొంచెం ఆలస్యంగా, ఇంకొకటి లేచింది. దానికి ఏ రంగూ లేదు. మేం పెట్టిన రాయి కాదది. గుంత అడుగున ఇసుక కింద పాత బండ ఒకటి దాగి ఉందని, మందు దాన్ని ఆనుకుని పేలిందని తర్వాత తవ్వితే తెలిసింది. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే. ఆ నల్ల రాయి మిగతావాటికంటే ఎత్తు పోయింది. నాకు అది కుడికి జరుగుతూ కనిపించింది. కుడికి జరుగుతోందంటే నాది కాదు. నా కుడి పక్కన ఎవరున్నారో అప్పుడు గుర్తొచ్చింది.

"బాపూ, పైకి చూడు" అని అరిచాను.

బాపు చూడలేదు. చప్పుడు విన్నాడు, రాళ్లు పడటం విన్నాడు, నా అరుపూ విన్నాడట. నలభై ఏళ్లుగా మంద వెనక తిరిగిన ఒళ్లు అది. గొంగడి తల మీదికి లాక్కుని గట్టు మీద కూర్చున్నాడు.

రాయి భుజం మీద పడింది. తల మీద పడి ఉంటే ఇది రాసేదాన్ని కాదు. భుజాన్ని విరగ్గొట్టి, ఎగిరి మందలో పడింది. నేను పోయేసరికి బాపు పక్కకు ఒరిగి ఉన్నాడు. గొంగడి నల్లది కదా, నెత్తురు కనపడలేదు. చెయ్యి పెడితే తడిగా, వెచ్చగా తగిలింది. గొంగడి తీస్తే ఎముక తెల్లగా బయటికి వచ్చి ఉంది. పక్కనే ఒక గొర్రె నడుము విరిగి, ముందు కాళ్లతో ఒళ్లు ఈడ్చుకుంటూ బాపు వైపే వస్తోంది. ఇంకో గొర్రె తల సగమే ఉంది. బాపు స్పృహలోనే ఉన్నాడు. నన్ను చూడకుండా, "గొర్లను ఆపుండ్రి, చెదిరిపోతన్నయ్" అంటున్నాడు.

సారు ఉరుక్కుంటూ వచ్చాడు. ఆయన మొహం చూడగానే నాలో ఏదో తెగింది. చొక్కా పట్టుకుని గుంజి, చెంప మీద కొట్టాను. ఒకసారి కాదు. ఇంకొక్కటి అన్నవు, ఇంకొక్కటి అన్నవు అని అరుస్తూ కొట్టాను. పెద్దవాడు, గురువు, నాకు పని నేర్పినవాడు. చేతులు అడ్డం పెట్టుకోలేదు. కళ్లద్దాలు కింద పడి పగిలాయి. మేస్త్రీ వచ్చి నన్ను వెనక్కి లాగేదాకా ఆయన కదలకుండా నిలబడ్డాడు. తర్వాత వంగి బాపును ఎత్తుకుని జీపు దాకా మోసింది ఆయనే. నల్గొండ దవాఖాన దాకా కళ్లద్దాలు లేకుండానే నడిపాడు. వెనక నా ఒళ్లో బాపు తల. దారి పొడుగునా ఆయన నెత్తురు నా సల్వార్‌లోకి దిగుతూనే ఉంది.

ఎముకకు కడ్డీ వేశారు. ప్రాణం దక్కింది కానీ ఎడమ చెయ్యి భుజం పైకి లేవదన్నారు. గొర్రెను కాళ్ల మధ్య ఇరికించి ఉన్ని కత్తిరించే చెయ్యి అది. బాపు ఒక్క మాట అనలేదు. నన్ను తిట్టనూ లేదు. ఆ ఓపిక చూసి నాకే ఏడుపొచ్చేది.

కట్లు విప్పి ఇంటికి తెచ్చిన కొన్నాళ్లకు, మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని అడిగాడు.

"నన్ను కొట్టిన రాయిని నేను చూడనే లేదు బిడ్డా. నువ్వు తీసినవట గద. చూపియ్యి."

వద్దన్నాను. అమ్మ కూడా వద్దంది. ఆయన వినలేదు. ల్యాప్‌టాప్ స్టూలు మీద పెట్టి ఆడించాను. అమ్మ చూడలేక బయటికి పోయింది.

మా కెమెరా మామూలుది కాదు. కంటికి అందనంత వేగాన్ని సాగదీసి చూపిస్తుంది. రెప్పపాటును అది చాలాసేపు నడిపిస్తుంది. రాళ్ల దారి గీయాలంటే అలాగే తీయాలి. తెర మీద నల్ల రాయి మెల్లగా లేచింది. మెల్లగా తిరుగుతూ, తన నీడను బీడు మీద ఈడ్చుకుంటూ పోయింది. ఆకాశంలో ఆగింది. తర్వాత దిగడం మొదలుపెట్టింది. బాపు బీడీ ముట్టించి, అది కాలిపోయేదాకా చూశాడు, రాయి ఇంకా వస్తూనే ఉంది. తెర అంచున గట్టు మీద చిన్నగా బాపు, గొంగడి లోపల. ఆ చిన్న నల్ల ముద్ద మీదికి రాయి నింపాదిగా దిగింది. గొంగడి సొట్టపోయింది. అక్కడికి కెమెరా నిండిపోయి బొమ్మ ఆగింది.

బాపు ఆగిపోయిన బొమ్మను చూస్తూనే అడిగాడు.

"గింత సేపు వచ్చిందా రాయి?"

"లేదు బాపు. కెమెరా మెల్లగ చూపిస్తది. అసలు—"

"గింత సేపు నువ్వేం చేసినవ్ బిడ్డా?"

నా నోరు ఆగలేదు. వేగం అన్నాను, బొమ్మలు అన్నాను, క్షణాన్ని ముక్కలు చేస్తామన్నాను. అరిచాను కదా, నువ్వే చూడలేదు కదా అన్నాను. బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఊరి పిల్లల ఫోన్లలో పెళ్లిళ్లు, జాతరలు చూసిన మనిషి ఆయన. తీసింది తీసినట్టే కనపడుతుందని ఆయన నమ్మకం. కళ్లతో చూసినదాన్ని నా మాటలతో ఎట్లా చెరిపేస్తాను?

ఆ రోజు నుంచి బాపు నాతో మాట్లాడటం మానేశాడు. పొద్దస్తమానం ఒకే ఇంట్లో ఉండి, ఒకే గిన్నెలో కూర తింటూ, అమ్మ ద్వారానే మాట్లాడేవాడు. "నీ బిడ్డను జరుగుమను, గాలి రాకుంట కూసున్నది" అనేవాడు. అమ్మ నా వైపు చూసేది. నేను జరిగేదాన్ని. ఎవరైనా చూడవస్తే వాళ్లతో మాత్రం మామూలుగానే మాట్లాడేవాడు. భుజం ఎట్ల విరిగిందని అడిగితే చెప్పేవాడు.

"రాయి వస్తాంటే మా బిడ్డ ఫోటో తీసింది. నిలవడి తీసింది."

కోపంతో చెప్పినా సహించేదాన్నేమో. నీళ్లు తోడుకొచ్చిన సంగతి చెప్పినట్టు చెప్పేవాడు. ఒకరోజు ఆ మాట విని చేతిలో ఉన్న అన్నం పళ్లెం గోడకేసి కొట్టాను. స్టీలు పళ్లెం కాబట్టి సొట్టపోయి ఊరుకుంది. చూడవచ్చిన ఆయన లేచి వెళ్లిపోయాడు. బాపు గోడ మీది అన్నం మెతుకులను చూసి, "నీ బిడ్డకు కోపం బాగనే ఉన్నది" అని అమ్మతో అన్నాడు.

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ, కొన్నాళ్లకు నాకే అనుమానం వచ్చింది. నేను ఏం చేశాను? అరిచింది గుర్తుంది. ఆ తర్వాత గొంగడి మీద చెయ్యి పెట్టింది గుర్తుంది. మధ్యలో ఏముందో గుర్తు లేదు. నా బొమ్మ ఒక్కసారి కూడా అదరలేదు. స్టాండ్ మీది కెమెరా ఎందుకు అదురుతుంది అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. చెప్పుకున్నా నిద్ర పట్టేది కాదు.

సారు ఒకసారి పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చాడు. కొత్త కళ్లద్దాలు పెట్టుకున్నాడు. బాపు ఆయనతో బాగానే మాట్లాడాడు, కుర్చీ వేయించాడు, మజ్జిగ ఇప్పించాడు. దానికీ నాకు మండింది.

"నా దిక్కు నుంచి తీసింది ఇందులో ఉంది. రాయి దారంతా కొలిచిన. జెండా ఎంత దూరం పాతాల్నో ఇప్పుడు తెలిసింది" అన్నాడు బయటికొచ్చాక.

"మా బాపు భుజంతో కొలిచిన్రా సార్?"

ఆయన పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టి, "నువ్వు ఒకసారి చూడమ్మా" అని మాత్రం అని జీపెక్కాడు. ఆయన మళ్లీ ఎక్కడా మందు పేల్చలేదు. నేను దాన్ని బట్టల పెట్టెలో అడుక్కు తోసేశాను. ఆ రాయిని ఇంకో దిక్కు నుంచి చూసే ధైర్యం నాకు లేదు. అందులో నేను కెమెరా పక్కన నిలబడి ఉంటే?

ఆ తర్వాతి ఎండాకాలం అండమాన్ సముద్రంలోని పేలే కొండ దీవి మళ్లీ లేచిందని కబురు వచ్చింది. ఓడలో చోటుంది, వస్తానో రానో చెప్పమన్నారు. ఇంట్లో చెప్పాను. చెప్పానంటే, అమ్మకు చెప్పాను, బాపు వినేంత గట్టిగా. బాపు అప్పుడు మంచం మీద కూర్చుని కుడి చేత్తో ఒక పిల్లగొర్రె చెవికి పట్టిన గోమారు పురుగులు తీస్తున్నాడు.

"పోనియ్యవే. నిలవడి చూసుడు అలవాటేనాయె" అన్నాడు.

ఇక నా వల్ల కాలేదు. పెట్టెలోని బట్టలన్నీ నేల మీదికి లాగి, పెన్‌డ్రైవ్ తీశాను. స్టూలును కాలితో తోసుకుంటూ మంచం దగ్గరికి తెచ్చాను. పిల్లగొర్రె బెదిరి దూకి పారిపోయింది. పెన్‌డ్రైవ్ ఒక పట్టాన దూరలేదు.

"చూడు. ఇది సారు దిక్కుకెల్లి తీసింది. నేను గూడ చూడలే. నేనేం చేసిన్నో ఇద్దరం చూద్దాం."

"నాకెందుకు" అన్నాడు బాపు అమ్మతో.

"చూడు బాపు" అని అరిచాను. ఆయన చూశాడు.

బీడంతా కనపడుతోంది. కుడి పక్క ఇసుక బస్తాలు, ఎడమ పక్క గట్టు, మంద, బాపు. గుంతలోంచి రంగు రాళ్లు లేచాయి. చప్పుడుకు గొర్లు బెదిరాయి. గంట కట్టిన పెద్ద పొట్టేలు గట్టు మీదుగా దూకింది. దాని నాలుగు కాళ్లూ నేల విడిచాయి. అది కిందికి రాలేదు. కాళ్లు ముడుచుకుని, గంట పక్కకు ఎగిరి, గాలిలో అట్లాగే ఉంది. ఉండీ ఉండీ, ఇంకా ఉంది.

బాపు మంచం మీద ముందుకు జరిగాడు. "గీ పొట్టేలేంది, గాల్ల నిలవడ్డది?"

నేను బొమ్మను ఆడనిచ్చాను.

"పొట్టేలు గింత సేపు గాల్ల ఉండదు" అన్నాడు మళ్లీ. ఈసారి అమ్మతో కాదు, నాతోనే.

"ఉండదు బాపు."

ఆయన పొట్టేలును చూస్తూనే ఉన్నాడు. అది మెల్లగా, చాలా మెల్లగా ముందు కాళ్లు చాపి నేలకు దిగసాగింది. పుట్టినప్పటి నుంచి ఆయన పెంచిన పొట్టేలు. అది ఎంతలో దూకుతుందో, ఎంతలో దిగుతుందో ఆయనకు నేను చెప్పే పని లేదు. ఆయన కుడి చెయ్యి మంచం కోడును పట్టుకుంది. నల్ల రాయి ఇంకా ఆకాశంలోనే ఉంది.

అప్పుడే ఇసుక బస్తాల వెనక నుంచి ఒక ఆడమనిషి బయటికి వచ్చింది. నిజంగా చెప్తున్నాను, అది నేనేనని వెంటనే గుర్తుపట్టలేదు. తలకు పెట్టుకున్న టోపీ ఊడి గాలిలో వెనకే ఉంది. చేతిలో కెమెరాను నడిపే మీట ఇంకా ఉంది. దాని తీగ ఊడి వెనకాల తోకలా తేలుతోంది. నోరు తెరిచి ఉంది. ఒక కాలు నేల మీద, ఒక కాలు గాలిలో, అట్లాగే ఉంది. తర్వాత రెండో కాలు. ఆమె చుట్టూ జాజు రాళ్లు, పసుపు రాళ్లు, సున్నపు రాళ్లు దిగుతున్నాయి. ఒకటి ఆమె చెవి పక్క నుంచి పోయింది. ఒకటి కాలి ముందు పడి దుమ్ము లేపింది. ఆమె దాని మీదుగానే దాటింది. తల ఎత్తలేదు. ఒక్కసారి కూడా పైకి చూడలేదు. ఇన్నేళ్లు కొండల మీద నేర్చుకున్నదంతా ఎక్కడ పోయిందో, గట్టు వైపే చూస్తూ ఉరుకుతోంది. రాయి దిగుతోంది, ఆమె ఉరుకుతోంది, రెండూ చూడలేనంత మెల్లగా.

రాయి గొంగడికి తగిలేసరికి ఆమె ఇంకా సగం బీడులోనే ఉంది. బొమ్మ అక్కడ ఆగిపోయింది.

అమ్మ ఎప్పుడు లోపలికి వచ్చిందో, మా వెనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. నేను నిలబడలేదు, నిలబడలేదు అని మనసులో ఒకటే మాట తిరుగుతోంది. బాపు ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను.

ఆయన కుడి చెయ్యి చాపి నా జడ పట్టుకున్నాడు. పట్టుకుని, నొప్పి పుట్టేట్టు గుంజి, నా తల పైకి ఎత్తాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. మొహం కోపంతో వణుకుతోంది. అంత కోపం రాయి తగిలిన రోజు కూడా లేదు.

"గన్ని రాళ్లు పడ్తాంటే పైకి ఎందుకు చూడలే?"

"నిన్ను చూస్కుంట ఉరికిన బాపు."

బాపు జడ వదల్లేదు.